పిల్లల ఆరోగ్య బీమా: పేదలకు వేరే పథకమా, అందరికీ ఒకటే నిధా?

నీలిసిరా (చర్చ మొదలుపెట్టినవారు)

ఇక్కడే ఇంకో చర్చలో ఒకరు రాశారు: "పిల్లలకు ఖర్చు తక్కువ, కాబట్టి పిల్లల బీమా ఏ ప్రభుత్వానికైనా చవకే." నిజమే, వయసు మళ్లినవాళ్లతో పోలిస్తే పిల్లల మీద అయ్యే సగటు ఖర్చు చాలా తక్కువ. మరి అంత చవకైనదానికి డబ్బు కొరత ఎందుకొస్తోంది?

అమెరికా సంగతి చూడండి. అక్కడ మెడికెయిడ్ అనేది బాగా పేదవాళ్లకు. దాని హద్దు కంటే కాస్త ఎక్కువ సంపాదిస్తూ ప్రైవేటు బీమా కొనలేని కుటుంబాల పిల్లల కోసం 1997లో చిప్ అనే పథకం పెట్టారు. మెడికెయిడ్‌కు అర్హులు ఎంతమంది వస్తే అంత డబ్బు వస్తుంది. చిప్‌కు అలా కాదు, ఇంత మొత్తం అని ముందే గిరి గీస్తారు, దానికి గడువు కూడా ఉంటుంది. 2017 సెప్టెంబరు 30న ఆ గడువు తీరింది. అమెరికా కాంగ్రెస్ మళ్లీ నిధులిచ్చింది 2018 జనవరి 22న. ఈలోగా కొలరాడో, వర్జీనియా లాంటి రాష్ట్రాలు "మీ పిల్లల బీమా ఆగిపోవచ్చు, వేరే దారి చూసుకోండి" అని తల్లిదండ్రులకు ఉత్తరాలు పంపాయి. వృద్ధులకిచ్చే మెడికేర్‌కు మాత్రం ఇలా మొత్తం పథకమే ఆగిపోయే గడువు లేదు.

వృద్ధులకు ఓటుంది, పిల్లలకు లేదు అని తేల్చేస్తే సరిపోతుందా? లేక పేద పిల్లలకు వేరే సంచి కట్టడంలోనే లోపముందా? మీరేమంటారు?

---

పన్నుకట్టేవాడు

వేరే పథకం పెట్టడంలో తప్పేముందండీ? ఉన్న డబ్బే తక్కువ, అది లేనివాళ్లకే పోవాలి. బంగళాల్లో ఉండేవాళ్ల పిల్లలకు కూడా నా పన్నుతో బీమా కట్టమంటే అది న్యాయమా? "అందరికీ ఉచితం" అన్న ప్రతిచోటా ఉన్నవాళ్లే ముందు వరుసలో నిలబడతారు. వాళ్లకు దారులు తెలుసు, ఫోన్లు చేసే మనుషులు తెలుసు.

---

యాక్చువరీ_అన్న

ప్రీమియం లెక్కలు కట్టడమే నా ఉద్యోగం కాబట్టి ముందు ఆ "సగటు" సంగతి చెబుతాను.

పిల్లల్లో ఎక్కువమందికి ఏడాదంతా జ్వరం, దగ్గు, టీకాలే. ఖర్చులో పెద్ద భాగం మాత్రం కొద్దిమంది దగ్గరే పోగవుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్నవాళ్లు, బ్లడ్ క్యాన్సర్, థలసీమియా, హీమోఫీలియా ఉన్నవాళ్లు. తలకు ఇంత అని బీమా కంపెనీకి అందరికీ ఒకే మొత్తం ఇచ్చారనుకోండి, ఈ పిల్లల్ని తప్పించుకోవడమే దానికి లాభం. ముఖం మీద కాదనదు. ఫారాలు పెంచుతుంది, మంచి పిల్లల ఆసుపత్రిని తన జాబితాలోంచి తీసేస్తుంది. వాళ్లే వెళ్లిపోతారు.

నెదర్లాండ్స్‌లో 2006 నుంచి అమల్లో ఉన్న చట్టం దీనికో దారి చూపింది. బీమా ఇచ్చేది ప్రైవేటు కంపెనీలే. 18 లోపు పిల్లలకు ప్రీమియం లేదు, ముందు మనం భరించాల్సిన ఖర్చూ లేదు. పిల్లల వంతు ప్రభుత్వం ఒక ఉమ్మడి నిధిలో వేస్తుంది. ఆదాయాన్ని బట్టి వసూలయ్యే చందా కూడా ఆ నిధిలోకే వస్తుంది. జబ్బు ఎక్కువున్న వ్యక్తిని చేర్చుకున్న కంపెనీకి ఆ నిధి నుంచి ఎక్కువ ముడుతుంది. అప్పుడు తప్పించుకోవాలన్న యావ తగ్గుతుంది.

పన్నుకట్టేవాడు గారూ, అక్కడ బంగళా వాళ్ల పిల్లాడికి కార్డు ఉచితమే. కానీ వాళ్ల నాన్న దగ్గర ఆదాయాన్ని బట్టి ముందే వసూలు చేశారు. ఉన్నవాళ్లెవరో లేనివాళ్లెవరో ఆసుపత్రి గుమ్మం దగ్గర తేల్చకుండా, పన్ను ఆఫీసులో తేల్చారు. అంతే తేడా.

---

పన్నుకట్టేవాడు

జీతం స్లిప్పు అందరికీ ఉన్న దేశంలో అది నడుస్తుంది. సగానికి సగం మంది రోజుకూలీలు, చిన్న వ్యాపారులు ఉన్నచోట "ఆదాయాన్ని బట్టి" ఎవరి దగ్గర పట్టుకుంటారు?

---

క్లెయిమ్_కిటికీ

దీనికి ఘనా చూడాలి సార్. 2003లో జాతీయ ఆరోగ్య బీమా చట్టం తెచ్చారు. రోజుకూలీ దగ్గర జీతంలో పట్టుకోలేరు కాబట్టి వస్తువుల మీద, సేవల మీద 2.5 శాతం ఆరోగ్య సుంకం వేశారు. ఉద్యోగుల సామాజిక భద్రత చందాలోంచి కొంత కలిపారు. 18 లోపు వాళ్లకు ప్రీమియం లేదు. మొదట్లో తల్లిదండ్రులు చేరితేనే పిల్లలకు వర్తించేది, తర్వాత ఆ షరతు తీసేశారు. పెద్దవాళ్లు కట్టలేదని పిల్లాడిని బయట నిలబెట్టడం ఏం న్యాయమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

చెడింది ఎక్కడో కూడా చెబుతాను. ప్రత్యేక సుంకాలన్నిటి మీదా పరిమితి పెడుతూ 2017లో ఒక చట్టం వచ్చింది. ఆరోగ్యం పేరుతో జనం దగ్గర వసూలు చేసిన డబ్బులో కొంత మామూలు బడ్జెట్‌లోకి పోయింది. ఆ పరిమితి ఎత్తేసింది 2025లో. ఈ మధ్యలో ఆసుపత్రులకు బకాయిలు, రోగుల చేతి నుంచి వసూళ్లు.

నేను ఒక ఆసుపత్రిలో బీమా కౌంటర్ దగ్గర కూర్చుంటాను. ఏ ఆసుపత్రి, ఏ ఊరు అన్నది అనవసరం. పథకం డబ్బు ఆలస్యమైతే "మీ కార్డు చెల్లదు" అని ఎవరూ అనరు. "బెడ్డు ఖాళీ లేదు, రెండ్రోజులాగి రండి" అంటారు. ఆ రెండ్రోజులు ఏ రికార్డులోనూ ఎక్కవు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదే ఇది. కాకపోతే మా పూజారికి కూడా ఆర్నెల్లుగా జీతం అందలేదు, ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేను.

---

రాత్రిబస్సు

పైనెవరో "వేరే సంచి" అన్నారు. 1997లో చిప్ ఖర్చుకు ఆదాయంగా చూపించింది సిగరెట్ పన్నే. 2009లో పథకాన్ని పెంచినప్పుడు ప్యాకెట్ మీద కేంద్ర పన్ను 39 సెంట్ల నుంచి 1.01 డాలర్‌కు పెంచారు. సిగరెట్లు ఎక్కువ తాగేది తక్కువ ఆదాయం వాళ్లే. అంటే పేద పిల్లల బీమాకు పేద పెద్దల జేబే! పైగా జనం మానేసే కొద్దీ ఆ ఆదాయం తరిగిపోతుంది. పొగ మానడం మంచిదే, కానీ పిల్లల బీమాకు ఆధారం అదేనా?

---

పాత_స్టెతస్కోపు

పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మీరంతా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని మాట్లాడుతున్నారు, సంతోషం. అది దేనికి పోతుందో కూడా కాస్త చూడండి.

బీమా పథకాలు రాసేవాళ్ల బుర్రలో ఉండేది పెద్దవాళ్ల జబ్బులు. గుండెపోటు, ఆపరేషను, ఆసుపత్రిలో పడక. పిల్లలకు కావలసింది ఎక్కువగా పడక లేని వైద్యం. టీకాలు, బరువు చూడటం, చెవి వినిపిస్తోందా, కన్ను కనిపిస్తోందా అని పరీక్షలు, మాటలు రాకపోతే స్పీచ్ థెరపీ. వినికిడి లోపాన్ని మొదటి ఏడాదిలో పట్టుకుంటే ఆ బిడ్డ మాట నేర్చుకుంటుంది. నాలుగేళ్లకు పట్టుకుంటే చాలా కష్టం. ఆ చిన్న పరీక్షకు డబ్బివ్వని పథకం, తర్వాత లక్షల ఆపరేషనుకు మాత్రం ఇస్తుంది.

భారతదేశం సంగతే తీసుకోండి. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబానికి 30,000 రూపాయలు, అదీ ఐదుగురికే. ఆరుగురున్న ఇంట్లో ఎవరి పేరు వదిలేస్తారు? 2018లో ఆయుష్మాన్ భారత్ పథకం ఆ ఐదుగురి లెక్క తీసేసింది, మొత్తాన్ని ఏడాదికి 5 లక్షలు చేసింది. ఆ ఒక్క సవరణ ఎందరు ఆడపిల్లల్ని లోపలికి తెచ్చిందో అనుకుంటూ ఉంటాను. కానీ అదీ ఆసుపత్రిలో చేరే వైద్యానికే, ఓపీకి లేదు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు పరీక్షలు చేసే కార్యక్రమం 2013 నుంచి ఉంది, అది వేరే విభాగం, వేరే బడ్జెట్. లోపం కనిపెట్టేవాళ్లు ఒకరు, బిల్లు కట్టేవాళ్లు ఇంకొకరు. మధ్యలో కాగితాలు పట్టుకుని తిరిగేది తల్లి.

ఈ ఒక్క విషయంలో అమెరికా మెడికెయిడ్ నిబంధన నాకు నచ్చుతుంది. 1967లోనే రాశారు: 21 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేయాలి, ఆ పరీక్షలో ఏది బయటపడితే దానికి అవసరమైన వైద్యమూ ఇవ్వాలి. మెడికెయిడ్‌లో కలపకుండా రాష్ట్రాలు విడిగా నడిపే చిప్ పథకాలకు మాత్రం ఈ నిబంధన తప్పనిసరి కాదు. చూశారా, వేరే సంచి కడితే హక్కులు కూడా వేరవుతాయి.

---

చిట్టి_వాళ్లమ్మ

డాక్టరు గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా పాపకు థలసీమియా. కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుము తీయడానికి రోజూ మందు వేయాలి. ఆసుపత్రిలో పొద్దున చేరి సాయంత్రం వచ్చేస్తాం. "24 గంటలు చేరలేదు కాబట్టి క్లెయిమ్ కుదరదు" అన్నారు. ఇనుము తీసే మందు ఇంట్లో వేసుకునేది, అది అసలే కుదరదు. పాప పరిస్థితి పాడై వారం రోజులు ఐసీయూలో ఉంటే మాత్రం కుదురుతుందట. ఆ మాట కౌంటర్లో ఆయన మామూలుగానే చెప్పాడు.

---

రాత్రిబస్సు

అమ్మా, ఒక్క రోజులో అయిపోయే వైద్యాలకు వేరే జాబితా ఉంటుంది కదా. అది చూశారా?

---

చిట్టి_వాళ్లమ్మ

చూశామండీ. జాబితాలో ఒక పేరు, డాక్టరు రాసింది ఇంకో పేరు. రెండూ ఒకటే అని తేల్చడానికి నెలలు పట్టింది. ఈలోగా మావారికి ఓవర్‌టైమ్ దొరికింది. ఆ డబ్బుతో ఆదాయ పరిమితి కాస్త దాటాం, ప్రభుత్వ పథకం నుంచి పేరు పోయింది. ఓవర్‌టైమ్ మూడు నెలల్లో అయిపోయింది. పేరు మళ్లీ ఎక్కించుకోవడం అంత త్వరగా కాలేదు.

---

యాక్చువరీ_అన్న

అమ్మా, మీరు చెప్పినది లెక్కల్లో కూడా పెద్ద సమస్యే. పేదలకే అని హద్దు గీస్తే, ఆ హద్దుకు అటూ ఇటూ ఊగే కుటుంబాలు చాలా ఉంటాయి. మళ్లీ మళ్లీ నిరూపించుకోమంటే అర్హత ఉన్నవాళ్లే రాలిపోతారు. కోవిడ్ కాలంలో అమెరికా మెడికెయిడ్‌లో పేర్లు తీసేయడం ఆపారు. 2023 ఏప్రిల్ నుంచి మళ్లీ మొదలుపెడితే రెండున్నర కోట్ల మందికి పైగా పేర్లు పోయాయి. వాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు అర్హత లేదని తేలి పోయినవాళ్లు కాదు. ఫారం అందలేదు, అడ్రసు మారింది, గడువు దాటింది, అలాంటి కారణాలు. 2024 జనవరి నుంచి పిల్లలకు ఒకసారి అర్హత వస్తే, మధ్యలో ఆదాయం మారినా ఏడాది పాటు తీయకూడదని చట్టం వచ్చింది. మీవారి ఓవర్‌టైమ్‌కు సరిగ్గా ఇలాంటి రక్షణే కావాలి.

పన్నుకట్టేవాడు గారు కోరే "లేనివాళ్లకే" అన్న జల్లెడకు కూడా ఖర్చుంది. దాన్ని తిప్పే సిబ్బందికీ అవుతుంది, దాంట్లోంచి జారిపోయే పిల్లలకూ అవుతుంది.

---

పన్నుకట్టేవాడు

సరే, జల్లెడ గురించి మీరన్నది కొంత ఒప్పుకుంటాను. అమ్మా, మీ కష్టం విని బాధేసింది. కానీ ఉచితానికి ఇంకో వైపు ఉంది. జపాన్‌లో పిల్లల వైద్యంలో తల్లిదండ్రులు కట్టాల్సిన వాటాను చాలా చోట్ల పురపాలక సంస్థలే భరిస్తాయి. దాంతో అవసరం లేని ఓపీ సందర్శనలు పెరిగాయని అక్కడే విమర్శ ఉంది. తుమ్మినా దగ్గినా ఆసుపత్రికే అంటే, నిజంగా జబ్బున్న పిల్లాడు వరుసలో వెనకపడడా?

---

పాత_స్టెతస్కోపు

నాయనా, తుమ్మిన పిల్లల్ని చూసి చూసి నా జీవితం గడిచింది. ఆ విసుగు నాకు తెలుసు. కానీ తుమ్ము ఏదో న్యుమోనియా ఏదో తల్లికెలా తెలుస్తుంది? తెలిస్తే నా దగ్గరకెందుకు వస్తుంది?

1974 నుంచి 1982 వరకు అమెరికాలో ర్యాండ్ సంస్థ పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని కుటుంబాలకు వైద్యం పూర్తిగా ఉచితం, కొన్నిటికి ఖర్చులో వాటా. వాటా కట్టాల్సినవాళ్లు ఆసుపత్రికి తక్కువ వెళ్లారు, అది మీరన్నట్టే. అయితే వాళ్లు మానుకున్నది పనికిరాని వైద్యం ఒక్కటే కాదు, పనికొచ్చేది కూడా మానుకున్నారు. తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లల్లో ఆ దెబ్బ ఎక్కువగా కనిపించింది. జపాన్‌లో కొన్ని పట్టణాలు ఒక్కో సందర్శనకు చిన్న రుసుము పెట్టి సర్దుకున్నాయి. అది కూడా కట్టలేని వాళ్లకు మినహాయింపు ఉంటే నాకు అభ్యంతరం లేదు. పడక ఖర్చులో ఇరవై శాతం కట్టమంటే మాత్రం అది రుసుము కాదు, అప్పు.

---

మోడరేటర్

తొలగించిన రెండు పోస్టులు పార్టీల తిట్లు. ఏ దేశపు ఏ పార్టీ అయినా ఇక్కడ వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

---

కొండదారి

ఆలస్యంగా వస్తున్నాను, ఇక్కడ సిగ్నల్ అంతే. నేను ఆసుపత్రులకు దూరంగా ఉండే జనం మధ్య పనిచేస్తాను. "తలకు సమానంగా డబ్బు" అంటే సమానత్వం అనుకుంటారు. నగరంలో పిల్లాడికి ఆసుపత్రి రోడ్డు దాటితే వస్తుంది. ఇక్కడ పిల్లాడికి ప్రయాణమే సగం ఖర్చు, దాన్ని ఏ బీమా చూడదు. ఇక్కడివాళ్లు బీమా తక్కువ వాడుకుంటారు, ఎందుకంటే వాడుకునేందుకు ఏమీ లేదు. అప్పుడు లెక్కలవాళ్లు "అక్కడ ఖర్చు తక్కువ, నిధులు తగ్గించవచ్చు" అంటారు. దూరంగా ఉన్నందుకు వేసే రెండో శిక్ష ఇది.

థాయిలాండ్‌ను అందరూ మెచ్చుకుంటారు. 2002లో పన్నుల డబ్బుతో దేశమంతా ఒక పథకం పెట్టారు. మొదట తలకు 1,202 బాత్, రోగి చెల్లించేది ఒక్కో సందర్శనకు 30 బాత్, పేదలకు అదీ లేదు. పేద ప్రాంతాల్లో శిశుమరణాలు తగ్గి, ధనిక ప్రాంతాలతో ఉన్న అంతరం తగ్గింది. కానీ దానికి ముందు దశాబ్దాలపాటు వాళ్లు జిల్లా స్థాయి ఆసుపత్రులు కట్టుకుంటూ వచ్చారు. కొత్త డాక్టర్లు పల్లెల్లో పనిచేయాలన్న నియమం 1972 నుంచే ఉంది. కార్డు వచ్చేసరికి వెళ్లడానికి తలుపు ఉంది. ఇంకోటి, అక్కడ కూడా ప్రభుత్వోద్యోగుల పథకం విడిగా ఉంది, దాంట్లో తలసరి ఖర్చు చాలా రెట్లు ఎక్కువ. ఒకే నిధి అన్నది అక్కడా పూర్తిగా రాలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. జోర్డాన్ రివర్ ఆండర్సన్ అనే పిల్లాడి గురించి తెలుసా? కెనడాలో మానిటోబాకు చెందిన నార్వే హౌస్ క్రీ ఆదివాసీ బిడ్డ, 1999లో పుట్టాడు. పుట్టుకతోనే తీవ్రమైన ఆరోగ్య సమస్యలు. కొన్నాళ్లకు డాక్టర్లు ఇంటి వాతావరణంలో ఉండొచ్చన్నారు. ఆ ఇంటి సంరక్షణ ఖర్చు కేంద్రం కట్టాలా, రాష్ట్రం కట్టాలా అని రెండు ప్రభుత్వాలు వాదించుకుంటూనే ఉన్నాయి. ఆదివాసీ బిడ్డ కాబట్టి వచ్చిన తగాదా అది, వేరే బిడ్డ అయితే రాష్ట్రమే కట్టేది. 2005లో ఐదేళ్ల వయసులో ఆసుపత్రిలోనే చనిపోయాడు. ఇంట్లో ఒక్క రోజూ ఉండలేదు.

2007 డిసెంబరులో ఆ దేశ పార్లమెంటు అతని పేరు మీద ఒక సూత్రాన్ని ఆమోదించింది: ఆదివాసీ బిడ్డకు అవసరమైన సేవకు ముందు సంప్రదించిన ప్రభుత్వమే డబ్బు కట్టాలి, వాటాల తగాదా తర్వాత తేల్చుకోవాలి. కాగితం మీద పెట్టినంత త్వరగా అమలు కాలేదు. 2016లో మానవ హక్కుల ట్రిబ్యునల్ కేంద్ర ప్రభుత్వం వివక్ష చూపిందని తీర్పిచ్చాకే కదలిక వచ్చింది.

---

నీలిసిరా

కొండదారి గారూ, నేను "ఒకటే నిధా, వేరే నిధా" అని అడిగాను. మీ పోస్టు చదివాక, ఏ నిధి అయినా అది ఎవరి తగాదా వల్ల ఆగిపోతుందన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న అనిపిస్తోంది.

అమెరికాలో ఆదివాసీల వైద్యం చూసే సంస్థ బీమా కాదు, ఏటా బడ్జెట్ కేటాయింపు మీద నడుస్తుంది. బడ్జెట్ గొడవల్లో ప్రభుత్వం మూతపడితే ఆ ఆసుపత్రులకూ చిక్కే. వాళ్లకు ఒక ఏడాది ముందుగా నిధులు కేటాయించడం మొదలైంది 2024 సంవత్సరానికి. మెడికేర్ వృద్ధులు అలాంటి దానికోసం ఎదురుచూడాల్సిన అవసరమే రాలేదు.

ఇంకో విచిత్రం. చిప్‌ను పదేళ్లు పొడిగిస్తే ఖజానాకు ఖర్చు కాకపోగా సుమారు 600 కోట్ల డాలర్లు మిగులుతాయని 2018 జనవరిలో కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది. ఆ పిల్లలు చిప్ నుంచి పడిపోతే వేరే బీమా సబ్సిడీల మీదకు వస్తారు, అవి అంతకన్నా ఖరీదు. అంటే అన్ని నెలలు ఆపింది డబ్బు లేక కాదు. ఇంకేవో బేరాల మధ్య పిల్లల పథకాన్ని తాకట్టు పెట్టుకున్నారు.

---

పన్నుకట్టేవాడు

నిధులు గడువు లేకుండా రావాలన్నది ఒప్పుకున్నాను. పేదల పథకానికైనా అలా రాయొచ్చు, దానికోసం అందర్నీ కలపనక్కర్లేదు. కలిపితే ఏమవుతుందో మెక్సికో చెబుతుంది. 2004లో అక్కడ ఉద్యోగ బీమా లేనివాళ్ల కోసం సెగురో పాపులర్ వచ్చింది. భారీ ఖర్చుల జబ్బులకు దాంట్లో విడిగా ఒక నిధి, పిల్లల క్యాన్సర్‌కు అందులోంచే డబ్బు. 2020లో "ఇక అందరికీ అన్నీ ఉచితం" అని దాన్ని తీసేసి కొత్త సంస్థ పెట్టారు. ఆ ఏడాది జనవరిలో క్యాన్సర్ పిల్లల తల్లిదండ్రులు మందులు దొరకడం లేదని మెక్సికో సిటీ విమానాశ్రయం దారిలో బైఠాయించారు. 2023లో ఆ కొత్త సంస్థనూ మూసేశారు. పేరు పెట్టి విడిగా దాచిన డబ్బే ఆ పిల్లలకు రక్షణ అయింది కదా.

---

యాక్చువరీ_అన్న

ఉదాహరణ మంచిదే, కానీ మందుల కొరతకు అదొక్కటే కారణం కాదు. మందులు కొనే పద్ధతిని కూడా అప్పుడే తలకిందులు చేశారు. విడి నిధి రక్షణ అన్నదానికి ఘనా జవాబు పైనే ఉంది, పేరు పెట్టి దాచిన డబ్బునే మళ్లించారు. నా దృష్టిలో జబ్బుకు విడి నిధి ఉండొచ్చు, పేదరికానికి విడి నిధి ఉండకూడదు. క్యాన్సర్ వచ్చిన పిల్లాడు ఏ ఇంటివాడైనా అదే నిధి నుంచి వైద్యం పొందితే, దాన్ని కోసేటప్పుడు అరిచే గొంతులు ఎక్కువుంటాయి.

---

క్లెయిమ్_కిటికీ

అరిచే గొంతుల మాట నిజం అన్నా. మా కౌంటర్లో కార్పొరేట్ బీమా వాళ్ల ఫైలు ఒక్కరోజు ఆగితే మేనేజర్‌కు ఫోనొస్తుంది. పథకం కార్డు ఫైలు పదిరోజులున్నా ఎవరూ అడగరు. రెండూ ఒకే ట్రేలో ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

---

కొండదారి

ట్రే ఒకటే అయినా మావాళ్లు ఆ కౌంటర్ దాకా రావాలి కదండీ. ప్రయాణ ఖర్చు, తోడొచ్చిన తల్లి కూలి నష్టం కూడా బీమాలో రాయనంత కాలం నేను ఏ పక్షానికీ ఓటెయ్యను. కెనడాలో కూడా ఆ సూత్రం కింద దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోయి, 2024లో ట్రిబ్యునల్ మళ్లీ మందలించాల్సి వచ్చింది.

---

చిట్టి_వాళ్లమ్మ

ఒక్కటి అడుగుతాను. మీరంతా 18 లోపు, 18 లోపు అంటున్నారు. మా పాపకు జబ్బు 18తో ఆగదు. ఆ తర్వాత ఏ దేశంలో ఏం చేస్తారు?

---

యాక్చువరీ_అన్న

నెదర్లాండ్స్‌లో 18 నిండగానే ప్రీమియం మొదలవుతుందమ్మా. ఆదాయం తక్కువైతే ప్రభుత్వం భత్యం ఇస్తుంది. పాత జబ్బు ఉందని కంపెనీ కాదనకూడదు, ప్రీమియం పెంచకూడదు. అమెరికా చిప్‌లో 19 నిండితే పేరు పోతుంది, ఆ తర్వాత ఏం దొరుకుతుందో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఈ వయసు దాటే సంగతికి వేరే చర్చ తెరుస్తున్నాను. ఆసుపత్రి పేరు, కంపెనీ పేరు తీసేసి, మీకు క్లెయిమ్ తిరస్కరిస్తూ ఇచ్చిన కాగితంలోని కారణాలు అక్కడ పెట్టండి. డాక్టరు గారు, మీరు కూడా ఆ పేర్ల తేడా ఒకసారి చూడాలి.

---

పాత_స్టెతస్కోపు

చూస్తాను. ఎక్కించిన రక్తం రకం, మందు పేరు కూడా రాయమ్మా.